నాటకంలో లేని శోకగీతం

పోయిన ఏడాది మా తెలుగువాళ్ల సంఘం వేసిన సావనీరులో నా గురించి నాలుగు లైన్లు వేశారు. నేను రాసిన పాటల నాటకంలోని శోకగీతం విని సభ అంతా కంటతడి పెట్టిందని అందులో ఉంది. రాసినవారిది మంచి మనసే. కానీ ఆ నాటకంలో శోకగీతం లేదు. రాశాను, తీసేశాను. తీసేయించారు అంటే ఇంకా నిజం. అచ్చులో పడిన మాట పదేళ్లకు చరిత్ర అయిపోతుందని గ్రంథాలయాల్లో పెరిగినవాడిగా నాకు తెలుసు. పాత సంచికల్లో ఒకరు పొరపాటు రాస్తే, తర్వాత ముగ్గురు దాన్నే నమ్మకంగా ఎత్తి రాయడం నేను కళ్లారా చూశాను. ఆ నాటకం పుస్తకంగా రాలేదు. పాడినవాళ్లు ఎవరి పనిలో వాళ్లున్నారు. నేను రాయకపోతే ఆ సావనీరు మాటే మిగులుతుంది. అందుకని ఇది.

నాది జగిత్యాల దగ్గరి ఊరు. బడి పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా మండలంలోని శాఖా గ్రంథాలయంలో సాగింది. అక్కడి విజ్ఞాన సర్వస్వంలో రెండు సంపుటాలు పోయాయి. అందువల్ల 'ప' నుంచి 'మ' దాకా ప్రపంచంలో ఏమేం ఉన్నాయో చాలా ఏళ్లు నాకు తెలియదు. మిగతా అక్షరాల్లో మాత్రం నన్ను ఎవరూ ఓడించలేరని అనుకునేవాణ్ణి. కువైట్ వచ్చాక మిర్కాబ్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో పని దొరికింది. చాయ్ పెట్టడం, కాగితాలు జిరాక్స్ తీయడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం. మధ్యాహ్నం ఖాళీలో దగ్గరున్న లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. అక్కడ దాదాపు అన్నీ అరబ్బీ పుస్తకాలే. ఒక మూల రెండు అలమారాల ఇంగ్లీషు ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో మధ్యాహ్నం పెట్టి, ఆ రెండు అలమారాలూ దాదాపు పూర్తి చేశాను. దానికి నాకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఫ్రేము కట్టించుకునేవాణ్ణి.

కవిత్వం కూడా ఆ ఖాళీల్లోనే వచ్చింది. లిఫ్టు కోసం నిలబడి ఫోన్‌లో నాలుగు లైన్లు, కెటిల్ మరిగేలోపు రెండు. ఒక మాసపత్రిక మొదటి కవిత వేసింది. తర్వాత మరికొన్ని. కరీంనగర్‌లో ఒక సన్నటి పుస్తకం అచ్చయింది. అందరిలాగే నేనూ కాగితం మీద కవిని అయ్యాను. గొంతుకు రాయడం ఆ తర్వాతి సంగతి.

మా కంపెనీకి సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద థియేటర్‌లో కూడా మనుషులను పంపే పని ఉంది. ప్రదర్శన ఉన్న సాయంత్రాలు నల్లకోటు ఇచ్చి నన్ను పంపేవారు. తలుపు పక్కన నిలబడి, చిన్న టార్చితో సీట్లు చూపించాలి. దీపాలు ఆరాక పని ఉండదు. అలా నిలబడి మొదటిసారి ఒపెరా చూశాను. నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే చల్లదనం లాంటిది ఆ హాలులో ఉండేది. ఎవరో ఒకామె వచ్చి పాడుతోంది. నాకు తెలియని భాష. వేదిక పైన నల్లటి పట్టీ మీద ఆ మాటల అర్థం అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ వస్తోంది. చదివాను. 'కిటికీ తెరువు, తెల్లవారుతోంది.' అంతే. ఆ చిన్న మాటను ఆమె ఎంతసేపు పాడిందో చెప్పలేను. మాట ఒడ్డున నిలబడి ఉంటే, పాట దాని చుట్టూ నీళ్లలా పెరుగుతూ పోయింది. ఈ చిన్న మాట రాసిన మనిషి ఎవరు అన్న ఆలోచన ఆ చీకట్లోనే వచ్చింది.

మర్నాడు లైబ్రరీలో సంగీత నిఘంటువు తీశాను. అలా పాడటానికి రాసిచ్చే కథను లిబ్రెటో అంటారట. ఆ మాటకు చిన్న పుస్తకం అని అర్థమట. నాకు నవ్వొచ్చింది. మా వైపు చిందు యక్షగానం ఆడేవాళ్ల దగ్గర నూనె మరకల నోటుపుస్తకం ఒకటి ఉండేది. దాన్ని రాసినవాళ్ల పేరు ఆడేవాళ్లకే తెలియదు. దేశాలు దాటి వెతికిన వస్తువు మా వీధిలోనే కూర్చుని ఉందన్నమాట.

ముత్యాల గురించి చదివింది కూడా ఆ అలమారాలోనే. చమురు దొరకకముందు ఇక్కడి మగవాళ్లు ఎండాకాలమంతా పడవల మీద ఉండేవారు. మునిగేవాడు ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, మెడలో బుట్టతో అడుగుకు పోయేవాడు. పైన పడవలో తాడు పట్టుకుని ఇంకొకడు ఉండేవాడు. కింద ఊపిరి అయిపోతే తాడు కదుపుతాడు. పైవాడు లాగాలి. ఒకడి ప్రాణం ఇంకొకడి అరచేతిలో. ఆ పుస్తకం మూసి బయటికి వచ్చేసరికి ఎదురుగా క్రేను కింద మావాళ్లు తాడు పట్టుకుని ఇనుము ఎక్కిస్తున్నారు. నాటకం మొత్తం అప్పుడే కనిపించింది. మునిగినవాడు, తాడు లాగేవాళ్లు, ఒడ్డున అతని భార్య. చివర తాడు ఖాళీగా పైకి వస్తుంది. ఒడ్డున ఆమె ఏడుస్తుంది. తెర.

బాణీలు కట్టింది కడప వైపు తమ్ముడు. ఒక ఇంట్లో డ్రైవరు. కీబోర్డు అతని మంచం కింద ఉండేది. శుక్రవారం ఆ ఇంటివాళ్లు మధ్యాహ్నం దాకా లేవరు కాబట్టి ఉదయం పూట అతను మావాడు. బ్నీద్ అల్ గార్‌లో ఒక బిల్డింగ్ కింది గది మాకు దొరికింది. అందులో పాత ఏసీ ఒకటి ఆపకుండా హూంకరించేది. "అన్నా, ఇది ఒకే సురం మీద ఉండాది సూడు. మనం దీన్నే శ్రుతి సేసుకుందాం" అని దానికే కీబోర్డు కలిపాడు.

తాడు లాగేవాళ్లు మా బిల్డింగ్‌లో ఉండే ఎనిమిది మంది. నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు. వాళ్లకు పెద్ద ఒక కాక. ఇనుము కట్టే మేస్త్రీ. నేను చదువుతూ కనిపిస్తానని నన్ను పంతులూ అనేవాడు. అందులో గౌరవం ఎంతో, ఎగతాళి ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. మొదటి రోజు నేను రాసిన లాగుడు పాట చదివి వినిపించాను. అందులో 'రజ్జువు' అని పడింది.

"రజ్జువేంది పంతులూ?"

"తాడు, కాకా."

"మరి తాడని రాయరాదు? రజ్జువంటె చెవులకు బోతది. తాడంటె చేతులకు తెలుస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి దిద్దాను. కానీ లోపల కొంచెం గుచ్చుకుంది.

భార్య పాట పాడటానికి గోదావరి వైపు అక్క దొరికింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పని. శుక్రవారం చర్చి అయ్యాక రెండు గంటలు ఆ ఇంటి యజమానురాలు ఆమెను వదిలేది. ఇక్కడి ఇళ్లలో పనివాళ్లు యజమానురాలిని మామా అంటారు. వారం మధ్యలో రిహార్సల్ అంటే వాయిస్ మెసేజ్‌లే. నేను మాటలు చదివి పంపితే, తమ్ముడు బాణీ వాయించి పంపేవాడు. ఆమె వంటింట్లో పాడి పంపేది. ఆ మెసేజ్‌లలో పాట వెనక గిన్నెల చప్పుడు, నీళ్ల ధార, ఎక్కడో అరబ్బీలో పిల్లల అరుపు ఉండేవి. మధ్యాహ్నం ఆఫీసు పాంట్రీలో చెవిలో పెట్టుకుని వింటుంటే, మిర్కాబ్ వీధి కూడా నీళ్ల అడుగున ఉన్నట్టు, కార్లు చేపల్లా నెమ్మదిగా పోతున్నట్టు ఉండేది. నేను రాసిన మాట ఇంకొకరి ఊపిరి మీద వెళ్లడం అప్పుడే మొదటిసారి విన్నాను. అచ్చులో పేరు చూసుకున్నప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

చివరి పేజీ, అంటే శోకం, అన్నిటికంటే ఆఖరున రాశాను. మా వైపు ఆడవాళ్లు చావింట్లో ఏడిస్తే అది ఉత్త ఏడుపు కాదు. పోయినవాణ్ణి వరసపెట్టి పిలుస్తూ, అతను చేసిన మంచీ చెడూ చెబుతూ, రాగం తీస్తూ ఏడుస్తారు. మా మేనత్త మా మామ పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు నాకు పూర్తిగా గుర్తుంది. ఆ నడకనే తీసుకున్నాను. కొన్ని మాటలు ఆమెవే. మిగతావి నావి. నేను అంతవరకు రాసినవాటిలో అదే మంచి పేజీ. ఇప్పుడు కూడా ఆ మాట వెనక్కి తీసుకోను. ఆ ఒక్క పేజీ కోసమే నాటకమంతా రాశానని కూడా అనుకున్నాను. దాన్ని చదివి అక్కకు పంపాను. నాటకానికి ఇంకా మూడు శుక్రవారాలు ఉన్నాయి.

ఆ వారం ఆమె దగ్గర నుంచి మెసేజ్ రాలేదు. శుక్రవారం వచ్చి, కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"తమ్ముడూ, ఈ పేజీ నేను పాడనయ్యా."

"శ్రుతి ఎక్కువైందా అక్కా? తగ్గిద్దాం."

"శ్రుతి కాదు. మా ఆయన అక్కడ రొయ్యల చెరువు కాడ కాపలా ఉంటున్నాడు. బతికున్నాడు. బతికున్న మనిషికి ఏడుపు పెట్టమంటావేంటి?"

"గది మీ ఆయనకు గాదు గదా. కథల మనిషికి."

"కథలో మనిషైనా, పిలవాల్సింది ఈ నోటితోనే కదా?"

తమ్ముడు కీబోర్డు మీద నుంచి తల ఎత్తాడు. "అక్కా, నువ్వు చర్చిలో పాడేదానివి. ఇట్టాంటివి నమ్ముతావా?"

"నమ్మనయ్యా. పాస్టర్ గారు నమ్మొద్దన్నారు, నమ్మను. పాడను కూడా. అది వేరు, ఇది వేరు."

గదిలో ఎవరో నవ్వబోయి ఆగారు. ఆమె కూర్చుని, బుధవారం జరిగింది చెప్పింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మొదటి రెండు లైన్లు ఎత్తుకుందట. మూడో లైను అందుకునేలోగా మామా పరుగెత్తుకొచ్చిందట. మీ ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు పోయారు అని. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. పాట అని చెప్పినా నమ్మలేదు. ఫోను తెచ్చి చేతిలో పెట్టి, యల్లా, ఇంటికి చెయ్యి అంది.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. భాష రాని మనిషికి కూడా నా మాటలు తగిలాయని అది విన్న క్షణంలో నాకు గర్వం కలిగింది. ముఖం మీద కనిపించిందేమో కూడా.

"చేసాను తమ్ముడూ," అంది అక్క. "మోగుతోంది, మోగుతోంది, ఎత్తడు. చెరువు కాడ సిగ్నలుండదని నాకు తెలుసు. తెలిసి కూడా మళ్లీ మళ్లీ నొక్కాను. నాలుగోసారి ఎత్తి, ఏంటే ఈ వేళప్పుడు అన్నాడు. ఏం లేదండీ, ఊరికినే అన్నాను. మామా పక్కనే నిలబడి ఉంది. ఆయన గొంతు విన్నాక, ఖలాస్, ఇంక ఆ పాట నా ఇంట్లో వద్దంది. నేనూ వద్దనుకున్నాను."

నేను పుస్తకాల మాట ఎత్తాను. ఒపెరాల్లో ఎంతమంది చనిపోతారో, ఎంతమంది ఏడుస్తారో, అదంతా కళ అని నాకు తెలిసిందంతా చెప్పాను. కాక చివరిదాకా విన్నాడు.

"పంతులూ, నీ పుస్తకాలల్ల ఉన్నదో లేదో నాకు ఎర్కలేదు. శోకం ఎవలన్న నేర్పంగ సూసినవా? మా అవ్వ మా అక్కకు బతుకమ్మ పాటలు నేర్పింది, నాట్ల పాటలు నేర్పింది. ఏడుపు మాత్రం నేర్పలె. గది నేర్పేది గాదు. పడ్డనాడు దానంతటదే అస్తది. నువ్వేమొ ఆమెను వారం వారం ప్రాక్టీసు జెయ్యమంటున్నవ్."

"అయితే ఇంకెవలతోనన్న పాడిద్దాం" అన్నాను మొండిగా. చర్చిలో పాడే నర్సు ఒకామె ఉందని తమ్ముడు అంతకుముందు చెప్పి ఉన్నాడు.

"పాడియ్యి" అన్నాడు కాక. "ఆమె మొగడు బతికుంటె గిదే మాటంటది. సచ్చిపోయుంటె ఆమెతోని పాడిస్తవా? నీకు మనసొస్తదా?"

తప్పు ఎక్కడ చేశానో నాకు అప్పుడు తెలిసింది. మేనత్త ఏడుపు నాకు గుర్తుంది, కానీ ఆమె దాన్ని ఒక్కసారే ఏడ్చింది. మళ్లీ ఎన్నడూ, ఎవరు అడిగినా, ఆ మాటలు నోట పలకలేదు. ఒక్కసారి మాత్రమే ఉండేదాన్ని నేను పేజీ చేసి, వరుస సంఖ్య వేసి, తాళం కట్టించాను. మా ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా చేయని పొరపాటు అది.

అయినా కాగితం చించలేదు. మంచి పేజీ అన్న మమకారం అంత తేలిగ్గా పోదు. తర్వాతి వారమంతా దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. లైబ్రరీలో వెతికాను. మాటలు ఎలా రాయాలో పుస్తకాల నిండా ఉంది. పాడే మనిషి పాడనంటే ఏం చేయాలో ఎక్కడా లేదు. సాయంత్రం సముద్రం పక్కన నడిచేవాణ్ణి. నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత కనిపించనంత పొగమంచులాంటి వేడి. అందులో పడవలు గాలిలో వేలాడుతున్నట్టు ఉండేవి. ఒడ్డున కూర్చున్న కుటుంబాలు తింటున్నాయి. ఒక తల్లి నీళ్లలో ఆడుతున్న కూతురిని కేకేసి పిలుస్తోంది. ఆ పిలుపు విన్నాను కానీ, ఆ రోజు అది నాకు అందలేదు.

నాటకానికి పది రోజుల ముందు మళ్లీ థియేటర్ డ్యూటీ పడింది. చివరి అంకంలో వేదిక మీద ఒకామె ఒంటరిగా ఉంది. పైన పట్టీ మీద మాట ఒకటి వచ్చింది, పోయింది. తర్వాత పట్టీ నల్లగా అయిపోయింది. యంత్రం చెడిందేమోనని నేను కంగారుపడి పక్కవాడి వైపు చూశాను. అతను మామూలుగా నిలబడ్డాడు. కింద ఆమె పాడుతూనే ఉంది. మాట లేదు. ఒట్టి ఊపిరి, దాని మీద 'ఆ' అనే శబ్దం. అది ఎంతసేపు సాగినా పట్టీ వెలగలేదు. రాసినవాడు అక్కడ ఏమీ రాయలేదు. రాయకుండా పక్కకు తప్పుకున్నాడు. అలా తప్పుకోవడం కూడా రాతలో భాగమేనని నాకు తలుపు దగ్గర నిలబడి ఉండగా తెలిసింది. అప్పుడు ఒడ్డున విన్న ఆ తల్లి పిలుపు గుర్తొచ్చింది.

గదికి వచ్చి శోకం పేజీ మొత్తం కొట్టేశాను. ఆ చోట ఒక్క లైను రాశాను. భర్త పోయిన సంగతి ఆమెకు తెలియదు. పొద్దుగూకింది. ఆమె ఒడ్డున నిలబడి అతన్ని అన్నానికి పిలుస్తుంది. అంతే.

శుక్రవారం అక్కకు చూపించాను. నేను మా ఊరి మాటలో రాశాను: బువ్వ సల్లారుతంది, రా.

ఆమె రెండుసార్లు చదువుకుంది. "మా ఆయన్ని రా అంటే ఊరుకుంటాడేంటి? రండి అనాలి. అన్నం చల్లారిపోతుందండీ, రండి."

"అట్లనే పాడు అక్కా."

"ఇది రోజూ అనేదే కదా. ఇందులో పాడటానికేముంది?" అంది. కానీ ఏసీ హూంకారం మీద గొంతు కలిపి ఒకసారి అంది. రెండోసారి కాస్త సాగదీసింది. కాక తల దించుకుని తాడు వైపు చూస్తూ ఉండిపోయాడు. "ఇది ఎన్నిసార్లయినా పాడొచ్చు," అంది అక్క. "పిలిస్తే ఆయుష్షు పెరుగుతుంది కానీ తరగదు."

ప్రదర్శన రోజు మధ్యాహ్నం దుమ్ము లేచింది. సంఘం అద్దెకు తీసుకున్న హాలు కిటికీలు నారింజ రంగులోకి మారాయి. లైట్లు వేయకముందే వేదిక సంధ్యవేళలా ఉంది. లాగుడు పాట బాగా పోయింది. ఎనిమిది మంది చేతులు మారుస్తూ లాగుతుంటే తాడు వస్తూనే ఉంది. చివరి కొస వేదిక మీదికి వచ్చినప్పుడు తడిసి, నీళ్లు కారుతోంది. నాకు చెప్పకుండా కాక దాన్ని బకెట్‌లో ముంచి పెట్టాడు. ఎనిమిది మందీ ఆ కొసను చూస్తూ ఆగిపోయారు.

అక్క వచ్చింది. మొదటిసారి పిలిచినప్పుడు మామూలుగా పిలిచింది. ముందు వరుసలో ఎవరో చిన్నగా నవ్వారు కూడా. రెండోసారి మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దూరానికి పిలిచింది. మూడోసారి తమ్ముడు కీబోర్డు మీద నుంచి వేళ్లు తీసేశాడు. ఆమె 'రండి' దగ్గర నిలబడి, ఆ చివరి అచ్చును ఊపిరి ఉన్నంతదాకా పట్టుకుంది. ఏడవలేదు. పిలిచింది, అంతే.

అప్పుడు వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఒకతను బయటికి పోయాడు. తర్వాత ఇంకొకతను, తర్వాత ముగ్గురు. తలుపుల దగ్గర ఏళ్ల తరబడి నిలబడినవాణ్ణి. జనం మధ్యలో లేచిపోతే దాని అర్థం నాకు తెలుసు. నాటకం పోయింది అనుకున్నాను. తెర పడ్డాక చప్పట్లు వస్తున్నా వినకుండా వరండాలోకి వెళ్లాను. నారింజ రంగు దుమ్ములో ఏడెనిమిది మంది గోడల వైపు తిరిగి ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. దగ్గరున్నతను అంటున్నాడు, "ఏం లేదు, ఊకెనే జేసిన. తిన్నవా? ఏం కూర?" అవతల నుంచి వచ్చే జవాబు కోసం అతను ఎంత శ్రద్ధగా వింటున్నాడంటే, నేను అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

సావనీరులో రాయాల్సింది ఇది. ఆ తర్వాత ఇంకో పాటల నాటకం రాశాను. ఇప్పుడు మూడోది రాస్తున్నాను. కవితలు కూడా రాస్తున్నాను, కానీ ముందు కంటే పొట్టిగా.

సాయం చేసినవాళ్ల పేర్లు రాస్తానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, చెప్పి వచ్చినవాళ్లు ఉన్నారు, చెప్పకుండా వచ్చినవాళ్లు ఉన్నారు. అందుకని మేము ఒకరినొకరం పిలుచుకునే వరసలతోనే చెబుతాను. వారంలో తనకున్న ఒకే ఒక్క ఖాళీ పొద్దు నాకిచ్చిన తమ్ముడికి. రోజంతా ఇనుము మోసి, సెలవునాడు నా తాడు లాగిన ఎనిమిది మందికి. తాడు తడిపిన కాకకు, పంతులూ అన్న ప్రతిసారికీ కలిపి. శుక్రవారం రెండు గంటలు వదిలిన మామాకు, ఆ బుధవారం ఫోను తెచ్చిచ్చినందుకు ఇంకా ఎక్కువగా. ఆమెకు ఇది చదవడం రాదు, అక్క చదివి చెబుతానంది. అనుమతి అడగకుండా మాటలు తీసుకున్నందుకు, ఇప్పుడు లేని మా మేనత్తకు. రెండు అలమారాలను ఎవరూ కదిలించకుండా ఉంచిన ఆ లైబ్రరీ గుమస్తాకు.

ఇక అక్కకు. కొత్త నాటకంలో ఏ పాట అయినా సిరా ఆరకముందే ఆమెకు చదివి పంపుతున్నాను. మొన్న జవాబు వచ్చింది, వెనక కుక్కర్ కూతతో సహా: "బానే ఉంది తమ్ముడూ. మూడో లైనులో మాత్రం ఊపిరి తీసుకోడానికి చోటు లేదు. రెండు మాటలు తియ్యి."

తీశాను.